అమ్మవారు రెండోసారి రాదు

ఆ మాత్రకు వాసనేమీ ఉండదు. తెల్లగా, గుండ్రంగా, నడుమ ఒక గీతతో, మిగతా మాత్రలు ఎట్లా ఉంటాయో అదీ అట్లాగే ఉంటుంది. అయినా పోయిన నెల ఆదోనిలో మందుల దుకాణం మెట్ల మీద నిలబడి, అమ్మ కోసం అప్పుడే కొన్న షీటు వెనక్కి తిప్పి పేరు చదివానో లేదో, గుప్పున పచ్చి వేపాకు వాసన కొట్టింది. ఇటు చూస్తే ఉగ్గాని, బజ్జీల బండి, అటు చూస్తే జెరాక్సు దుకాణం, ఎదురుగా పత్తి నింపుకుని యార్డుకు పోతున్న ట్రాక్టర్లు, వాటి వెనకాల గాలిలో తేలుతున్న దూది తునకలు. వేపచెట్టు కనుచూపు మేరలో లేదు. నేను బళ్లో పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని. లేని వాసన రాదని వాళ్లకు చెప్పేదీ నేనే.

అమ్మకు దవడ నొప్పి. నీళ్లు పుక్కిలించినా, చల్లగాలి తగిలినా కరెంటు కొట్టినట్టు లాగుతుంది. పంటి నొప్పి అనుకుని పాపం రెండు పళ్లు పీకించుకుంది. పళ్లు పోయాయి, నొప్పి పోలేదు. చివరకు నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఇది ముఖంలోని నరం నొప్పి అని, మూర్ఛకు ఇచ్చే మందే దీనికీ పనిచేస్తుందని చీటీ రాసిచ్చారు. ఆయన రాత నాకు అర్థం కాలేదు కానీ షీటు మీది అచ్చు అర్థమైంది. కార్బమజెపైన్. మా ఇంటిపేరు మరిచిపోయినా ఆ పేరు మరిచిపోను. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఇంటికి అమ్మవారు వచ్చింది ఆ పేరు మీదే. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు.

మాది పెద్దకడుబూరు దగ్గర ఒక మెట్ట పల్లె. నల్లరేగడి నేల. వాన పడితే చెప్పులకు శేర్ల కొద్దీ బురద అంటుకునేది, వాన పోతే అదే నేల కాలు దిగబడేంత నెర్రెలు విచ్చేది. శ్రావణంలో కొర్రన్నం, పుండికూర పప్పు, అంటే గోంగూర పప్పు. బుడ్డలు, అంటే వేరుశనగలు, పీకే రోజుల్లో చేలోనే కంప రాజేసి, కాయలు మంటలో వేసి కాల్చుకుని, మూతులు నల్లగా చేసుకుని తినడం. చలికాలం పత్తి ఏరేటప్పుడు ఆడవాళ్లు ఒడి నిండా దూది కట్టుకుని బరువుగా నడుస్తుంటే, వాళ్ల ఒడిలో చేతులు దూర్చి వెచ్చబెట్టుకోవడం. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని సజ్జరొట్టెలో ఎర్రకారం, నువ్వుల పొడి అద్దుకుని తినడం. నాయన ఆదోనిలో పత్తి మిల్లులో పని చేసేవాడు, వారానికొకసారి ఒంటి నిండా దూది ధూళితో, కాగితంలో చుట్టిన బజ్జీలతో వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ ఇల్లు అమ్మదీ, జేజిదీ. అంటే నాయన తల్లిదీ. ఆ ఇంటికి ఇద్దరూ మహారాణులే, మధ్యలో నేనే ప్రజ.

అమ్మకు ఒక అలవాటు ఉండేది. ఏది వండినా గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకుని, నాకి, కళ్లు మూసి ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే నాకు వడ్డించేది. చారే కాదు, జ్వరానికి కాచిన మిరియాల కషాయమైనా సరే, ముందు తాను ఒక గుక్క తాగి, ఒంట్లో ఏమీ కాలేదని తేలాకే నా నోట్లో పోసేది. పాలు కూడా అంతే. ఇల్లంతా ఎగతాళి చేసినా మానేది కాదు.

జేజి సంగతి వేరు. ఆమెకు అక్షరం ముక్క రాదు గానీ ఊళ్లో పిల్లల ఒంటి చరిత్ర అంతా నోటికి వచ్చు. ఎవరి బిడ్డకు ఏ ఏడు తట్టు వచ్చింది, ఎవరికి ఆటలమ్మ పోసింది, ఎవరికి దవడబిళ్లలు లేచాయి, అడిగితే చాలు, ఆ ఏడు వానలు ఎట్లా ఉన్నాయో కూడా కలిపి చెప్పేది. ఏ ఇంట్లో అమ్మవారు వచ్చినా ముందు జేజిని పిలిచేవాళ్లు. ఆమె పోయి గుమ్మానికి వేపకొమ్మలు కట్టించి, ఆ ఇంటికి ఎవరు పోవచ్చో, ఎవరు పోకూడదో తేల్చేది. తట్టు వచ్చిన బిడ్డ దగ్గర కూర్చోవడానికి, ఇదివరకే తట్టు వచ్చి పోయినవాళ్లనే పంపేది. వాళ్లకు మళ్లీ రాదని ఆమెకు తెలుసు. ఎట్లా తెలుసో ఆమె ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మట్టెద్దుల అమావాస్య నాడు నాకు మొదటిసారి మూర్ఛ వచ్చింది. వంక దగ్గరి నుంచి తెచ్చిన నల్లమట్టిని పిసికి, పిల్లలమంతా ఎద్దులు చేస్తున్నాం. నా ఎద్దుకు మూపురం పెట్టాను, జొన్నగింజలతో కళ్లు పెట్టాను, కొమ్ములు పెట్టబోయాను. తర్వాత ఏమీ లేదు. కళ్లు తెరిచేసరికి జేజి ఒడిలో ఉన్నాను, నోట్లో మట్టి రుచి, చేతిలో ఇనుప తాళంచెవి, చుట్టూ ఊరు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను ఏం తప్పు చేశానో నాకు తెలియదు. నా ఎద్దు ఏదని అడిగాను. దాన్ని ఎవరో తొక్కేశారు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది ఎద్దు కోసమే.

నెల తిరగకుండా ఇంకో రెండుసార్లు వచ్చింది. నాయన సెలవు పెట్టి ఆదోనిలో పిల్లల డాక్టరుకు చూపించాడు. బక్కగా, పొడుగ్గా, మాట్లాడేటప్పుడు మన కళ్లలోకి కాక మన చెవుల వైపు చూసే మనిషి ఆయన. ఒక మాత్ర రాసి, రోజూ రాత్రి ఇవ్వాలన్నారు. మూర్ఛ ఆగింది. నేనూ ఆగిపోయాను. ఆ వానాకాలం, ఆ చలికాలం నాకు ముక్కలు ముక్కలుగా తప్ప గుర్తు లేవు. దసరా గుర్తు లేదు. పీర్ల పండుగకు గుండం ముందు నాయన భుజాల మీద ఎక్కించుకున్నాడట, నిప్పుల వేడి తగిలినట్టుంది గానీ అది ఆ ఏటిదో ముందటి ఏటిదో చెప్పలేను. బళ్లో పలక మీద తల పెట్టి నిద్రపోయేదాన్ని. అయ్యవారు లేపితే ఆయన మీదే కసురుకునేదాన్ని. ఎక్కాలు మరిచిపోయాను. తొక్కుడుబిళ్ల ఆడితే ఏ గడిలో ఉన్నానో తెలిసేది కాదు. జబ్బు వల్ల ఇట్లా అయిందని నాయన, దిష్టి వల్లని జేజి, మాత్ర వల్లని అమ్మ. ముగ్గురూ నా ముందే వాదించుకునేవాళ్లు. నేను ఎవరి మాట వింటే వాళ్లదే నిజమనిపించేది. అసలు ముందు నేను ఎట్లా ఉండేదాన్నో ఎవరైనా చెబితే బాగుండుననుకునేదాన్ని.

ఉగాదికి ముందు అమ్మ నన్ను లాక్కుని మళ్లీ ఆదోనికి పోయింది. డాక్టరు విని, ఈ మందుతో కొంతమంది పిల్లలు ఇట్లాగే మబ్బుగా అవుతారని, వేరే మందుకు మారుద్దామని అన్నారు. పాతది కొద్దికొద్దిగా తగ్గించడం, కొత్తది కొద్దికొద్దిగా పెంచడం ఎట్లాగో రాసిచ్చారు. పోయేటప్పుడు అమ్మకు రెండు మాటలు చెప్పారు. అవి అమ్మ బస్సులో ఆదోని నుంచి ఊరు దాకా పెదవులు కదుపుతూ బట్టీ పట్టింది.

"సారు సెప్పినాడు. ఒక్క పూట గూడా మాత్ర ఆపగూడదు. ఒంటిమీద ఏమన్నా లేస్తే వెంటనే రావల్ల. ఒక్క పూట గూడా ఆపగూడదు. ఒంటిమీద ఏమన్నా లేస్తే వెంటనే రావల్ల."

ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం పడే రోజు వస్తుందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

కొత్త మాత్ర మొదలైన తర్వాతి రెండు వారాలు నా బాల్యం మొత్తంలోకీ స్పష్టంగా గుర్తున్నవి. ఇది చెబితే ఎవరూ నమ్మరు, నాకే నమ్మబుద్ధి కాదు. పాత మాత్ర మానిపోయింది, మబ్బు వీడిపోయింది. ఉగాది పచ్చడిలో వేపపూత చేదు, కొత్త బెల్లం తీపి విడివిడిగా నాలుకకు తగిలాయి. బక్ష్యాలు, అంటే బొబ్బట్లు, కాలుతుంటే వచ్చే నేతివాసన వీధి చివరి నుంచే తెలిసింది. పదమూడో ఎక్కం ఒప్పజెప్పాను. గచ్చకాయలు ఆడి ఊళ్లో పిల్లలందరినీ ఓడించాను, ఓడించి ఎగతాళి కూడా చేశాను. అమ్మ నన్ను చూసి చూసి మురిసిపోయేది. సాయంత్రం మాత్ర అరచేతిలో పెట్టి, అరచేయి నా నోటి దగ్గర పెట్టి, "నా బంగారు గదా, మింగు" అనేది. ఆ అరచేతికి మెంతి వాసన ఉండేది.

ఆ ఎండాకాలం ఊళ్లో అప్పటికే నాలుగైదు ఇళ్లకు వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. అందుకని ఒకరోజు పొద్దున నాకు జ్వరం వచ్చి, కళ్లు ఎర్రబడి, మధ్యాహ్నానికి మెడ కింద, రొమ్ము మీద, చేతుల మీద ఎర్రగా సన్నగా దద్దు లేచినప్పుడు జేజి ఒక్కసారి చొక్కా ఎత్తి చూసి, దించి, రెండు చేతులూ జోడించింది.

"తట్టు. అమ్మ వచ్చినాది మే, ఇంటికి," అంది అమ్మతో.

"సారు సెప్పినాడు గదత్తా, ఒంటిమీద ఏమన్నా లేస్తే రావల్లని?" అంది అమ్మ.

"ఏమన్నా లేస్తే అన్నాడు. ఇది ఏమన్నానా? అమ్మవారు!"

డాక్టరు చెప్పిన 'ఏమన్నా'లో గడ్డలు, గజ్జి, దురదలు ఉండొచ్చు. అమ్మవారిని ఆ జాబితాలో కలిపే ధైర్యం మా ఊళ్లో ఎవరికుంది? పైగా అమ్మవారు ఉన్న బిడ్డను బస్సెక్కించరు, ఊరి పొలిమేర దాటించరు, మందు తాకనివ్వరు. మందు ఇస్తే అమ్మవారు ఆగ్రహించి కళ్లు తీసుకుపోతుందని జేజి భయం. అమ్మ మాత్రల పొట్లం కొంగులో దాచుకుని ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. జేజి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఇద్దరూ అరుచుకోలేదు, అమ్మవారు ఇంట్లో ఉంటే గొంతు పెంచకూడదు కాబట్టి గుసగుసగా కొట్లాడుకున్నారు. అట్లాంటి కొట్లాట నేను ముందెప్పుడూ చూడలేదు. జేజి గెలిచింది. మాత్ర ఆగిపోయింది.

నన్ను వేపాకుల మీద పడుకోబెట్టారు. ఒంట్లో మంట, నోట్లో పుండ్లు, కింద చల్లటి ఆకు. ఇంట్లో తాళింపు లేదు, మిరపకాయ దంచడం లేదు, నాయన వచ్చినా గడ్డం గీసుకోలేదు. పెరుగన్నం, కొబ్బరినీళ్లు. అన్నిటికంటే వింత ఏమిటంటే, పొద్దున లేస్తే నన్ను ఏదో ఒకటి అనకుండా ఉండని జేజి, ఇప్పుడు నా ముందు నిలబడి "తల్లీ, సల్లగుండు తల్లీ, బిడ్డ ఒంట్లోంచి మెల్లగా దిగిపో తల్లీ" అని దండం పెట్టేది. ఎవరికి పెడుతోంది? నాకా, నాలో ఉన్న అమ్మవారికా? నేను మాట్లాడితే అది ఎవరు మాట్లాడినట్టు? అమ్మవారినే అయితే అడిగింది ఇస్తారు కదా అని నాలుగో రోజు మిరపకాయ బజ్జీ అడిగాను. జేజి చాలాసేపు ఆలోచనలో పడింది. ఆ కోరిక అమ్మవారిదై ఉండదని తేల్చి, మళ్లీ పెరుగన్నమే పెట్టింది. అమ్మ మూలన కూర్చుని ఆ జ్వరంలో కూడా నన్ను నవ్వించాలని చూసేది. కానీ చెయ్యి మాటిమాటికీ కొంగు ముడి మీదకు పోయేది. పొట్లం అక్కడ ఉండేది.

దద్దు మాడింది. చర్మం సన్నటి పొట్టుగా రాలింది. జ్వరం దిగింది. తొమ్మిదో రోజు వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్లు తలకు పోశారు, వాకిట్లో కుండలో పెరుగన్నం కలిపి అమ్మవారిని సాగనంపారు. అందరి ముఖాలూ తేటపడ్డాయి. జేజి చాటుగా మీసాలు మెలేసే మనిషిలా అటూ ఇటూ తిరిగింది. తల ఆరబెట్టుకుంటూ వాకిట్లో కూర్చున్నాను. అంతే నాకు గుర్తు.

తర్వాత అమ్మ చెప్పింది. అంత పెద్ద మూర్ఛ నాకు ముందెప్పుడూ రాలేదట. ఆగిందనుకుంటే మళ్లీ మొదలైందట. పొయ్యి మీద ఎసరు మరిగి ఇగిరిపోయేదాకా తగ్గలేదట. ఒక్క పూట కూడా మాత్ర ఆపకూడదని డాక్టరు చెప్పింది ఇందుకేనని అమ్మ ఆ రోజు జేజి ముఖం మీదే అరిచిందట. అమ్మవారు వెళ్లిపోయింది కాబట్టి అరవొచ్చు. సాయంత్రం నేను కళ్లు తెరిచేసరికి అమ్మ నా పక్కనే ఉంది. కొంగు ముడి విప్పింది. మాత్ర అరచేతిలో పెట్టుకుంది. ఈసారి జేజి అడ్డం రాలేదు. నేను మింగాను. అమ్మ నా తల నిమిరి, చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి వదిలింది.

పొద్దున నేను లేచింది దురదకు. పెదవులు ఉబ్బి, నోరు తెరవడానికి రాలేదు. నోటి లోపల పొక్కులు, కళ్లు మూసుకుపోయాయి, ఒళ్లంతా మునుపటికంటే ఎర్రగా కాలిపోతోంది. పక్కింటివాళ్లు వచ్చి, అమ్మవారిని సరిగా సాగనంపలేదు, అందుకే మళ్లీ వచ్చింది అన్నారు. ఒకామె అప్పటికే వేపకొమ్మ విరుచుకుని వచ్చింది. ఆ కొమ్మ మా గుమ్మానికి ఎక్కి ఉంటే ఈ మాటలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

జేజి ఆ కొమ్మను గుమ్మానికి కట్టనివ్వలేదు. నన్ను ఎత్తుకుని గడప మీద, ఎండలో నిలబెట్టింది. చేతులు తిప్పి చూసింది. పొట్ట చూసింది. వేలితో పెదవి విప్పి నోరు చూసింది. తర్వాత వాకిట్లో ఉన్న అందరినీ, అమ్మను కూడా చూసి అంది:

"తట్టు ఒకసారి వచ్చిపోయినాక మల్లా రాదు. నా జల్మలో ఒక్క బిడ్డకు గూడా రాలేదు. ఇది అమ్మవారు కాదు. అప్పుడు లేసిందీ ఇదే. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు." కొంచెం ఆగి, అమ్మ వైపు తిరిగి, "ఏమ్మే, రాత్రి ఏమి పెట్టినావు దీనికి?" అంది.

అమ్మ కొంగు ముడి విప్పింది. పొట్లం ఇచ్చింది.

జేజి దాన్ని తన కొంగులో ముడేసుకుంది. నన్ను భుజాన వేసుకుని, అమ్మను వెంటబెట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. అమ్మవారు ఉన్న బిడ్డ అని ఎవరైనా అంటారేమోనని బస్సులో నా మీద చీర కప్పింది. ఆదోనిలో డాక్టరు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. అమ్మ ఏడుస్తూ ముందూ వెనకా కలిపి చెప్పబోతే ఆయనకు ఏమీ అర్థం కాలేదు. జేజి కొంగు ముడి విప్పి పొట్లం బల్ల మీద పెట్టింది.

"మాత్రే సారూ. ఆపితే తగ్గినాది, పెడితే లేసినాది."

"ఎవరు చెప్పారు మీకు?" అన్నారు ఆయన, మొదటిసారి జేజి కళ్లలోకి చూస్తూ.

"ఎవురూ సెప్పలేదు. తట్టు రెండోసారి రాదు గదా."

ఆయన పొట్లం తీసి పక్కన పెట్టారు. అప్పుడు చెప్పారు: ఈ మందు చాలామందికి చక్కగా పనిచేస్తుంది, కొద్దిమంది ఒంటికి అసలు పడదు, పడనివాళ్లకు మొదటి వారాల్లోనే ఇట్లా జ్వరం, దద్దు, నోట్లో పుండ్లు వస్తాయి, అప్పుడు వెంటనే రావాలి, ఆపడమూ మార్చడమూ తాను చూసుకుంటారు, ఒకసారి పడలేదని తెలిశాక మళ్లీ ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు. ఇంకో రెండు పూటలు ఇచ్చి ఉంటే బిడ్డ దక్కేది కాదు. చివరి మాట ఆయన మెల్లగానే అన్నారు. అమ్మకు మాత్రం వినబడింది. ఆయన ఒక అట్టముక్క మీద ఎర్ర సిరాతో ఆ మందు పేరు పెద్ద అక్షరాలతో రాసి, ఈ బిడ్డకు జన్మలో ఇవ్వరాదని రాసిచ్చారు. నేను ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నాను. ఒంటి తోలు మొత్తం మారింది.

మూడో మందుతో ఇంటికి వచ్చాను. ఆ మందుకు జుట్టు ఊడింది, బుగ్గలు ఉబ్బాయి, ఎంత తిన్నా ఆకలి. ఊళ్లో పిల్లలు నన్ను పూరీ అని పిలిచారు. కానీ మూర్ఛ రాలేదు, దద్దూ లేవలేదు. కాలేజీకి వచ్చాక డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించి ఆపేదాకా అదే వాడాను. ఇంటికి వచ్చిన మొదటి రోజుల్లో జేజి ప్రతి పొద్దునా నన్ను గడప మీద ఎండలో నిలబెట్టేది. ముందు చేతులు, తర్వాత పొట్ట, తర్వాత నోరు. కొత్త మాత్రను మూడు వారాలు కాపలా కాసింది, పొలంలో పిట్టలను కాసినంత పట్టుదలగా.

అమ్మ మారిపోయింది. మాత్ర తన చేతితో ఇవ్వడం మానేసింది. సాయంత్రం గోడ గూట్లో పెట్టి, "ఆడ పెట్టినా, ఏసుకో" అని వంటింట్లోకి పోయేది. నేను మింగుతుంటే చూసేది కాదు. మెంతి వాసన వేసే ఆ అరచేయి నా నోటి దగ్గరికి మళ్లీ రాలేదు. నేను లావయ్యానని, బోడిదాన్నయ్యానని అమ్మకు నచ్చడం లేదనుకున్నాను. ఎనిమిదేళ్ల బుర్రకు అంతకంటే కారణం దొరకలేదు. దొరకని కారణాన్ని నేను ముప్పై ఏళ్లకు పైగా మోశాను, అడగలేదు.

ఇప్పటికీ నాకు ఈ లెక్క తెగదు. అమ్మవారని మాత్ర ఆపకపోతే మొదటిసారే చచ్చిపోయేదాన్ని. అమ్మవారని ఒక్కసారిగా ఆపినందుకే అంత మూర్ఛ వచ్చింది. అంత మూర్ఛ వచ్చినందుకే అమ్మ మళ్లీ మాత్ర ఇచ్చింది. అమ్మవారు అన్నదీ జేజే, కాదన్నదీ జేజే. తప్పు చేసినవాళ్లెవరు, కాపాడినవాళ్లెవరు అని క్లాసులో పిల్లలకు ప్రశ్న ఇస్తే అందరూ తలా ఒక జవాబు రాస్తారు, నేను ఎవరికీ సున్నా వేయలేను. జేజి పోయింది. ఆ డాక్టరు పోయారు. ఎర్ర సిరా అట్ట రెండిళ్లు మారేలోపు యాడనో పోయింది. పిల్లలకు టీకాలు వచ్చాక మా ఊళ్లో తట్టుకు వేపకొమ్మ కట్టిన గుమ్మం నేను చూడలేదు, చూడనందుకు సంతోషమే. కానీ ఎవరికి ఏది వచ్చి పోయిందో నోటికి చెప్పే మనిషి కూడా ఊళ్లో ఇప్పుడు ఒక్కరు లేరు.

మందుల దుకాణం మెట్ల మీద నుంచి నేను సీదా వెనక్కి నరాల డాక్టరు గదిలోకి పోయాను. ఈ మందు వద్దన్నాను.

"మీకు పడదా?" అన్నారాయన.

"నాకు పడదు."

"మందు మీకు కాదు కదా, మీ అమ్మకు."

అంతా చెప్పాను, కింద మీద పడి. ఆయన విసుక్కోలేదు. రక్తసంబంధీకులకు ఇట్లా అయితే ముందే చెప్పడం మంచిదని, ఇంకో మందుతో మొదలుపెడదామని వేరే చీటీ రాశారు. దీనికీ కొన్ని ఇబ్బందులు ఉంటాయి, తల తిరగొచ్చు, మత్తుగా ఉండొచ్చు, ఏమైనా ఉంటే మీరే ఆపేయకుండా నాకు చెప్పండి అన్నారు. బయట బెంచీ మీద కూర్చోబెట్టిన అమ్మను తీసుకుని ఇంటికి వచ్చాను. మొదటి షీటు తిరిగి ఇవ్వడం మరిచిపోయాను, సంచిలోనే ఉంది. నీళ్లు తెచ్చేసరికి అమ్మ దాన్ని బయటికి తీసి చూస్తోంది. చదవలేదు, ఉత్తగా చూస్తోంది.

"యాల మార్చినాడు?" అంది.

"అది నాకు పడని మాత్రమ్మా. చిన్నప్పటిది."

అమ్మ చెయ్యి దవడ మీది నుంచి దిగింది. షీటును గట్టిగా పట్టుకుంది. "ఇదేనా?" అంది. తర్వాత ఒక మాత్రను బొటనవేలితో నొక్కి అరచేతిలోకి తీసుకుంది. నేను పట్టుకున్నాను ఆ చెయ్యి.

"ఇడువు. నేను మింగి సూస్తా. చారైనా, కసాయమైనా నోట్లో ఏసుకోకుండా నీకు పెట్టినానా ఎప్పుడన్నా? ఇది ఒక్కటే సూడలేదు. సారు ఇచ్చింది గదాని నేరుగా నీ నోట్లో పెట్టినా. ఆ పొద్దు నేను మింగి సూసింటే..."

ఆమె మింగినా ఏమీ తెలిసేది కాదని, ఎవరి ఒంటి గుణం వాళ్లదని, ఒకరికి పడింది ఇంకొకరికి పడదని నేను సైన్సు టీచరు గొంతుతో చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయాను. ఆమె ఏడుస్తోంది, వినడం లేదు. నేను కూడా ఏడుస్తున్నాను, నాకూ సరిగా వినబడటం లేదు. అన్నేళ్లు గూట్లో మాత్ర పెట్టి ముఖం తిప్పుకున్నది నన్ను చూడలేక కాదని నాకు అప్పుడు తెలిసింది. అరచేతిలోంచి ఆ మాత్రను తీసేశాను. దాని బదులు కొత్తది పెట్టాను. నా చేత్తోనే నోటి దగ్గర పెట్టాను.

అమ్మ మింగింది. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, చిన్నపిల్లలా అడిగింది:

"ఎన్ని దినాలు సూడల్ల?"

"మూడు వారాలు," అన్నాను.

మరుసటి పొద్దున అమ్మ పిలవకుండానే వచ్చి గడప మీద ఎండలో నిలబడి, రవిక చేతులు పైకి మడిచి, రెండు చేతులూ నా ముందు చాపింది.